సీఎస్‌వీ ఫైల్లో ఉండేవి అక్షరాలే: పైథాన్‌లో చదవడం, రాయడం

(రికార్డింగ్ విని టైప్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇవాళ పైథాన్‌లో సీఎస్‌వీ ఫైళ్లు చదవడం, రాయడం గురించి మాట్లాడుకుందాం. సీఎస్‌వీ అంటే ఒక్కో లైన్లో ఒక్కో వరస, విలువల మధ్య కామాలు ఉండే టెక్స్ట్ ఫైల్. ఫైల్‌ని కామాలతో విడగొట్టినా, ట్యాబ్‌తో, సెమీకోలన్‌తో, నిలువు గీతతో విడగొట్టినా వచ్చే చిక్కులు దాదాపు ఒకటే. అందుకని అన్నిటినీ కలిపి సీఎస్‌వీ అనే అంటాను.

నాలుగు లైన్ల కోడ్‌కి ఇంత ప్రసంగం ఎందుకు అని మీలో కొందరికి అనిపిస్తుండొచ్చు. నిజమే, కోడ్ నాలుగు లైన్లే. ఆ నాలుగు లైన్లు మీరు తయారు చేసుకున్న ఫైల్ మీద హాయిగా నడుస్తాయి. వేరేవాళ్లు పంపిన ఫైల్ మీద ఎర్రర్ ఇస్తాయి. ఎర్రర్ ఇస్తే అదృష్టమనుకోండి, కనీసం మనకు తెలుస్తుంది. ఎర్రర్ ఏమీ ఇవ్వకుండా, తప్పు డేటాని చక్కగా చేతిలో పెట్టి వెళ్లిపోతే? అసలు భయపడాల్సింది దానికి.

ఎందుకిలా అవుతుంది? సీఎస్‌వీ ఫైల్లో ఉండేవి అక్షరాలే. అక్షరాలు మాత్రమే. ఏ గుర్తు దగ్గర విడగొట్టాలో ఫైల్లో రాసి ఉండదు. ఏ ఎన్‌కోడింగ్‌లో, అంటే అక్షరాల్ని బైట్లుగా మార్చే ఏ పద్ధతిలో రాశారో ఉండదు. ఈ కాలమ్ అంకె, ఈ కాలమ్ తేదీ, ఇది అంకెలా కనిపించినా అంకె కాదు, ఇవేవీ ఉండవు. ఆ సంగతులు మీరు చెప్పాలి. మీరు చెప్పకపోతే ప్రోగ్రామే ఊహించుకుంటుంది. ఇవాళ నేను చెప్పబోయే ప్రతి ఇబ్బంది వెనకా ఇలాంటి ఊహ ఒకటి ఉంటుంది, గమనిస్తూ ఉండండి.

తెర మీద చూడండి. చిన్న ఫైల్.

కోడ్,పేరు,గమనిక
00427,గడియారం,"ముల్లు వంగింది, మార్చాలి"
00428,తాళం,"లోపల ""రెండు"" అని చెక్కి ఉంది"

వెనక వరసల వాళ్లకి కనిపిస్తోందా? సరే. దీన్ని ఎలా చదువుతారు? చాలామంది మొదట చేసేది లైన్ తీసుకుని, స్ప్లిట్ పెట్టి, కామా ఇవ్వడం. శీర్షిక లైన్‌కి మూడు ముక్కలు వస్తాయి. బాగుంది. రెండో లైన్‌కి? నాలుగు. "ముల్లు వంగింది" ఒక ముక్క, "మార్చాలి" ఇంకో ముక్క, వాటికి చెరో పక్క వేలాడుతూ ఒక్కో కోట్ గుర్తు. మూడో లైన్లో ముక్కలు మూడే వచ్చాయి కాబట్టి అంతా బాగానే ఉందనిపిస్తుంది. కానీ ఒక్క కోట్ ఉండాల్సిన చోట రెండేసి ఉన్నాయి, చుట్టూ ఉన్న కోట్స్ కూడా డేటాలో కలిసిపోయాయి. ఎర్రర్ వచ్చిందా? రాలేదు.

కోట్స్ నియమం ఏమిటంటే, ఫీల్డ్, అంటే వరసలో ఒక్కో విలువ, దాని లోపల కామా గానీ, డబుల్ కోట్ గానీ, కొత్త లైన్ గానీ ఉంటే ఆ ఫీల్డ్ మొత్తాన్ని డబుల్ కోట్స్‌లో పెట్టాలి. లోపలి డబుల్ కోట్‌ని రెండుసార్లు రాయాలి. 2005 అక్టోబర్‌లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 4180 అనే పత్రంలో ఈ నియమాలు ఉన్నాయి. అప్పటికే సీఎస్‌వీ దశాబ్దాలుగా వాడకంలో ఉంది, అంటే వాడకం ముందు, నియమం తర్వాత. అందుకే ఈ నియమాల్ని పాటించని ఫైళ్లు మీకు బోలెడు తగులుతాయి.

పైథాన్‌లో సీఎస్‌వీ మాడ్యూల్ 2.3 వెర్షన్ నుంచీ ఉంది. వేరే ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. స్ప్లిట్ మానేసి దీన్ని వాడండి. ఫైల్ ఓపెన్ చేసే లైన్ ఇలా ఉండాలి, రాసుకోండి: విత్ ఓపెన్, బ్రాకెట్లో ఫైల్ పేరు, కామా, న్యూలైన్ ఈక్వల్స్ ఖాళీ కోట్స్, కామా, ఎన్‌కోడింగ్ ఈక్వల్స్ యూటీఎఫ్-8-సిగ్, యాజ్ ఎఫ్. దాని కింద సీఎస్‌వీ డాట్ రీడర్ ఆఫ్ ఎఫ్. అంతే. ఈ లైన్లో న్యూలైన్, ఎన్‌కోడింగ్ అని రెండు మాటలున్నాయి కదా, ఇంటర్నెట్‌లో దొరికే చాలా ఉదాహరణల్లో ఈ రెండూ కనిపించవు. ఒక్కోటీ ఎందుకో చూద్దాం.

ముందు న్యూలైన్. విండోస్‌లో లైన్ చివర రెండు గుర్తులుంటాయి, క్యారేజ్ రిటర్న్, దాని వెనకే లైన్ ఫీడ్. లినక్స్‌లో, మ్యాక్‌లో లైన్ ఫీడ్ ఒక్కటే. పైథాన్ టెక్స్ట్ మోడ్‌లో ఫైల్ తెరిస్తే ఈ తేడా మనకు కనపడకుండా మార్చి ఇస్తుంది. విండోస్‌లో రాసేటప్పుడు ప్రతి లైన్ ఫీడ్ ముందూ ఒక క్యారేజ్ రిటర్న్ చేరుస్తుంది. మంచి పనే. అయితే సీఎస్‌వీ రైటర్ తనంతట తానే, ఏ మెషీన్ మీదైనా సరే, లైన్ చివర రెండు గుర్తులూ పెడుతుంది. అంటే ఏమయింది? రైటర్ రెండు రాసింది, ఓపెన్ దానికి ఇంకోటి చేర్చింది. రెండు క్యారేజ్ రిటర్న్‌లు, ఒక లైన్ ఫీడ్. ఎక్సెల్‌లో తెరిస్తే ప్రతి వరస కిందా ఒక ఖాళీ వరస. "ఖాళీ వరసలు ఎందుకొస్తున్నాయి?" అనే ప్రశ్న మీరు వినే ఉంటారు, చాలాసార్లు విని ఉంటారు. కారణం ఇదే. న్యూలైన్‌కి ఖాళీ కోట్స్ ఇస్తే ఓపెన్ ఏమీ మార్చదు, లైన్ల సంగతి సీఎస్‌వీ మాడ్యూల్ చూసుకుంటుంది.

చదివేటప్పుడు కూడా కావాలా? కావాలి. ఫీల్డ్ లోపలే కొత్త లైన్ ఉండొచ్చని చెప్పుకున్నాం కదా. అది కూడా డేటానే. న్యూలైన్ ఇవ్వకపోతే లోపలి క్యారేజ్ రిటర్న్‌లు మీకు చెప్పకుండా మారిపోతాయి. చదివి మళ్లీ రాస్తే, అసలు ఫైల్‌కీ మీ ఫైల్‌కీ తేడా వస్తుంది.

ఇప్పుడు ఎన్‌కోడింగ్. తెలుగు డేటాతో పనిచేసే మనలాంటి వాళ్లకి ఇది ఇంకా ముఖ్యం, కాసేపు ఇక్కడ ఆగుదాం.

ఎన్‌కోడింగ్ చెప్పకపోతే ఓపెన్ ఏం చేస్తుంది? ఆ మెషీన్ సెట్టింగ్ ఏముందో అది తీసుకుంటుంది. లినక్స్‌లో, మ్యాక్‌లో సాధారణంగా యూటీఎఫ్-8. విండోస్‌లో చాలాచోట్ల సీపీ-1252, పశ్చిమ యూరప్ భాషల కోసం పెట్టినది. అందులో తెలుగు లేదు. రాయబోతే వెంటనే యూనికోడ్ ఎన్‌కోడ్ ఎర్రర్ వస్తుంది, సరే. మరి చదివేటప్పుడు? అసలు తమాషా అక్కడే ఉంది. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు అక్షరం, ప్రతి గుణింతపు గుర్తు మూడు బైట్లు. సీపీ-1252లో ఐదు బైట్లకు ఏ అక్షరమూ కేటాయించలేదు, హెక్సాడెసిమల్ లెక్కలో చెప్పాలంటే: 81, 8డీ, 8ఎఫ్, 90, 9డీ. మన కొమ్ము, అంటే ఉకారపు గుర్తు, చివరి బైట్ 81. మన పొల్లు చివరి బైట్ 8డీ. ఒత్తు ఉన్న ప్రతిచోటా లోపల ఈ పొల్లే ఉంటుంది. అంటే ఏమిటి? ఫైల్లో ఒక్క కొమ్ము ఉన్నా, ఒక్క ఒత్తు ఉన్నా డీకోడ్ ఎర్రర్. "నది", "తల" లాంటి మాటలే ఉంటే ఎర్రర్ రాదు, తలల మీద గీతలు పెట్టుకున్న రోమన్ అక్షరాలు బారులు తీరి వస్తాయి. ఒకే కోడ్, ఒకే మెషీన్, ఒక ఫైల్‌కి ఎర్రర్, ఇంకో ఫైల్‌కి చెత్త. కోడ్‌లో ఎంత వెతికినా తప్పు దొరకదు. ఎందుకంటే తప్పు మీరు రాసిన మాటలో లేదు, రాయని మాటలో ఉంది.

పైథాన్ 3.15 నుంచి ఏమీ చెప్పకపోతే యూటీఎఫ్-8 తీసుకునేలా మారుస్తున్నారు. మంచి మార్పు. అయినా మీరు రాయండి. పాత వెర్షన్ల మీద నడిచే కోడ్ ఇంకా ఏళ్ల తరబడి ఉంటుంది. వచ్చిన ఫైల్ అసలు యూటీఎఫ్-8 కాకపోయే అవకాశం ఎలాగూ ఉంది.

ఇక్కడ కొంతమంది ఒక అడ్డదారి పడతారు. ఎర్రర్స్ ఈక్వల్స్ ఇగ్నోర్ అని పెడతారు. ఎర్రర్ పోతుంది. ఎర్రర్‌తోబాటు అక్షరాలూ పోతాయి. దయచేసి అది చేయకండి. ఎన్‌కోడింగ్ ఏదో పంపినవాళ్లని అడగండి.

మరి యూటీఎఫ్-8 అనకుండా, చివర సిగ్ ఎందుకు? ఎక్సెల్‌లో "సీఎస్‌వీ యూటీఎఫ్-8" అని సేవ్ చేస్తే ఫైల్ మొట్టమొదట మూడు బైట్లు చేరతాయి: ఈఎఫ్, బీబీ, బీఎఫ్. దాన్నే బామ్ అంటారు, ఇది యూటీఎఫ్-8 ఫైల్ అని చెప్పే గుర్తు. మామూలు యూటీఎఫ్-8తో చదివితే ఆ గుర్తు కంటికి కనపడని ఒక అక్షరంగా మొదటి కాలమ్ పేరుకి అతుక్కుంటుంది. మీరు "కోడ్" అనే కాలమ్ అడుగుతారు, కీ ఎర్రర్ వస్తుంది. కాలమ్ పేర్లు ప్రింట్ చేస్తే "కోడ్" అనే కనిపిస్తుంది. ఉంది, కానీ లేదంటుంది! మామూలు ప్రింట్‌తో ఇది దొరకదు. రెప్ర్ (repr) అనే ఫంక్షన్ పెట్టి ప్రింట్ చేయండి, దాక్కున్న గుర్తు బయటపడుతుంది. యూటీఎఫ్-8-సిగ్ అని చెబితే బామ్ ఉంటే తీసేస్తుంది, లేకపోతే మామూలుగా చదువుతుంది. అందుకే చదవడానికి ఎప్పుడూ సిగ్ వాడమంటాను.

రాసేటప్పుడు? ఎవరు చదువుతారో దాన్నిబట్టి. మనుషులు ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరిచే ఫైలైతే సిగ్‌తో రాయండి. బామ్ లేకపోతే విండోస్ ఎక్సెల్ దాన్ని తన పాత కోడ్ పేజీ అనుకుంటుంది, తెలుగంతా చెదిరిపోతుంది. ఇంకో ప్రోగ్రామ్ చదివే ఫైలైతే మామూలు యూటీఎఫ్-8 చాలు. ఆ ప్రోగ్రామ్ రాసినవాళ్లు బామ్ సంగతి చూసుకున్నారో లేదో మనకు తెలియదు కదా.

ఫైల్ తెరవడం అయింది. విడగొట్టే గుర్తుల గురించి రెండు మాటలు. దశాంశానికి కామా వాడే దేశాల్లో, జర్మనీ, ఫ్రాన్స్ లాంటి చోట్ల, సీఎస్‌వీ అని పేరుండే ఫైల్లో సెమీకోలన్ ఉంటుంది. ఎక్సెల్ ఏ గుర్తు వాడాలో విండోస్ ప్రాంతీయ సెట్టింగ్స్ నుంచి తీసుకుంటుంది, అందుకని. అలాంటి ఫైల్‌కి డీలిమిటర్ ఈక్వల్స్ సెమీకోలన్ ఇస్తే సరిపోదు. లోపల 3,14 అని ఉన్న అంకెలో కామాని చుక్కగా మార్చాకే, దశాంశ సంఖ్యగా మార్చే ఫ్లోట్‌కి ఇవ్వాలి.

కామా తర్వాత ఖాళీ వదిలి కోట్స్ పెట్టే ఫైళ్లు కూడా వస్తాయి. అక్కడ జాగ్రత్త. కోట్ గుర్తు ఫీల్డ్‌లో మొట్టమొదటి అక్షరమైతేనే రీడర్ దాన్ని కోట్‌గా చూస్తుంది. ముందు ఖాళీ ఉంటే అది మామూలు అక్షరం, లోపలి కామా దగ్గర ఫీల్డ్ విరిగిపోతుంది. స్కిప్ ఇనీషియల్ స్పేస్ ఈక్వల్స్ ట్రూ అంటే సర్దుకుంటుంది.

ట్యాబ్ ఫైళ్లది దీనికి తలకిందుల సమస్య. చాలా ట్యాబ్ ఫైళ్లలో కోట్స్ నియమమే ఉండదు, కోట్ గుర్తు వస్తే అది ఉత్త అక్షరమే. మీరు డీలిమిటర్‌ని ట్యాబ్‌గా మార్చి ఊరుకుంటే, ఫీల్డ్ మొదట్లో ఒంటరి కోట్ ఒకటి వచ్చిన చోట రీడర్ దాని జోడీ కోసం వెతుక్కుంటూ కింది లైన్లన్నీ అదే ఫీల్డ్‌లోకి మింగేస్తుంది. వెయ్యి వరసలు పోయినా చప్పుడు ఉండదు. ఫీల్డ్ మరీ పెద్దదైతే మాత్రం ఒక ఎర్రర్ వస్తుంది, ఫీల్డ్ పరిమితి 131072 దాటిందని. ఆ ఎర్రర్ రాగానే పరిమితి పెంచేయమని సలహాలు దొరుకుతాయి. పెంచకండి, ముందు ఆగి చూడండి. ఒక్క ఫీల్డ్‌లో లక్షా ముప్ఫైవేల అక్షరాలు మీ డేటాలో నిజంగా ఉంటాయా? ఉండవంటే ఎక్కడో కోట్ మూసుకోలేదు. కోట్స్ నియమం లేని ఫైల్‌కి కోటింగ్ ఈక్వల్స్ కోట్ నన్ ఇవ్వండి. నియమం ఉన్న ఫైల్‌కి స్ట్రిక్ట్ ఈక్వల్స్ ట్రూ ఇవ్వండి. అప్పుడు మూసుకోని కోట్‌తో ఫైల్ అయిపోతే ఎర్రర్ వస్తుంది. అది లేకపోతే ఉన్నదాన్నే ఫీల్డ్‌గా ఇచ్చేసి ఊరుకుంటుంది.

గుర్తు ఏదో కనిపెట్టడానికి స్నిఫర్ అని ఒకటుంది. మొదటి నాలుగువేల అక్షరాలు ఇచ్చి, ఏయే గుర్తుల్లోంచి ఎంచుకోవాలో కూడా చెప్పి, తర్వాత సీక్ సున్నాతో ఫైల్ మొదటికి రావాలి. తెలియని ఫైల్‌ని మొదటిసారి చూసేటప్పుడు పనికొస్తుంది. రోజూ నడిచే ప్రోగ్రామ్‌లో పెట్టకండి. అదీ ఊహే కదా! ఇవాళ సరిగ్గా ఊహించింది రేపు గమనికల కాలమ్‌లో సెమీకోలన్లు ఎక్కువైతే తప్పొచ్చు.

ఇక వరసలు. రీడర్ ప్రతి వరసనీ లిస్ట్‌గా ఇస్తుంది, డిక్ట్ రీడర్ కాలమ్ పేర్లతో డిక్షనరీగా ఇస్తుంది. రెండోదే వాడమంటాను. పంపేవాళ్లు మధ్యలో కొత్త కాలమ్ చేరిస్తే, రో ఆఫ్ రెండు అని రాసుకున్న కోడ్ చడీచప్పుడు లేకుండా పక్క కాలమ్ చదువుతుంది. పేరుతో అడిగితే ఆ గొడవ లేదు. అయితే డిక్ట్ రీడర్‌కీ కొన్ని మౌనాలున్నాయి. వరసలో ఫీల్డ్‌లు తక్కువైతే మిగిలిన కాలమ్స్‌లో నన్ (None), అంటే పైథాన్‌లో విలువ లేదని చెప్పే మాట, పెడుతుంది. ఎక్కువైతే మిగిలినవన్నీ ఒక లిస్ట్‌గా చేసి నన్ అనే కీ కింద పెడుతుంది. శీర్షికలో ఒకే పేరు రెండుసార్లుంటే రెండోది మొదటిదాన్ని తుడిచేస్తుంది. మూడింటిలో దేనికీ ఎర్రర్ లేదు. కాబట్టి మీరే చూసుకోవాలి. ఫైల్ తెరవగానే ఫీల్డ్ నేమ్స్ మీరు ఆశించిన జాబితాతో సరిపోయిందా? ప్రతి వరసకీ, కీలలో నన్ ఉందా? విలువల్లో నన్ ఉందా? ఈ మూడు తనిఖీలూ కలిపి ఆరు లైన్ల కోడ్. పెట్టండి.

తప్పు దొరికినప్పుడు "డేటా సరిగ్గా లేదు" అని మెసేజ్ ఇస్తే ఎవరికి ఉపయోగం? ఫైల్ పేరు, లైన్ నంబర్, కాలమ్ పేరు, రెప్ర్‌తో ఆ విలువ, నాలుగూ ఇవ్వండి. లైన్ నంబర్ రీడర్‌లోనే లైన్ నమ్ అని దొరుకుతుంది. ఇది ఎన్నో వరసో చెప్పదు, ఫైల్లో ఎన్ని లైన్లు చదివిందో చెబుతుంది. ఫీల్డ్ లోపల కొత్త లైన్లుంటే రెండూ వేరవుతాయి. ఎడిటర్‌లో ఆ లైన్ దగ్గరికి వెళ్లాలంటే కావలసింది లైన్ నమ్మే.

ఇప్పుడు రకాల సంగతి. రీడర్ ఇచ్చేవన్నీ స్ట్రింగ్‌లే, అంటే ఉత్త అక్షరాలే. చాలామందికి ఇది లోటులా అనిపిస్తుంది. నన్నడిగితే అదే దాని గొప్పతనం. 00427 అనేది అంకా, కోడా? రీడర్ ఊహించదు, ఉన్నది ఉన్నట్టు ఇస్తుంది. కోడ్ అయితే అలాగే ఉంచండి. లెక్కపెట్టేది, కూడేది అయితే అంకెగా మార్చండి. ముందున్న సున్నాలకు అర్థం ఉందా లేదా అన్నదే పరీక్ష.

మార్చేటప్పుడు కొన్ని గుర్తుపెట్టుకోండి. ఖాళీ స్ట్రింగ్‌ని, పూర్ణాంకంగా మార్చే ఇంట్‌కి ఇస్తే ఎర్రర్. ముందూ వెనకా ఖాళీలున్నా పర్వాలేదు, తీసేస్తుంది. తెలుగు అంకెలు, ౧౨ అని రాసి ఉన్నా ఇంట్ దాన్ని పన్నెండుగానే తీసుకుంటుంది, ఈ సంగతి చాలామందికి తెలియదు. "నాన్" అని మూడు రోమన్ అక్షరాలుంటే ఫ్లోట్ ఎర్రర్ ఇవ్వదు, అంకె కానిది అనే ప్రత్యేక విలువ ఇస్తుంది. దాన్ని మొత్తంలో కూడితే మొత్తమంతా అదే అయిపోతుంది. "ఫాల్స్" అనే స్ట్రింగ్‌ని, నిజమా అబద్ధమా చెప్పే బూల్‌కి ఇస్తే ట్రూ వస్తుంది. ఖాళీ కాని స్ట్రింగ్ ఏదైనా ట్రూనే కదా! ఏ మాట నిజం, ఏ మాట అబద్ధం అని మీరే చిన్న డిక్షనరీ రాసుకోండి. డబ్బుల లెక్కలకి ఫ్లోట్ వద్దు, డెసిమల్ వాడండి. తేదీలు 03/04/2024 అని ఉంటే అది మార్చి నాలుగా, ఏప్రిల్ మూడా? ఫైల్ చూసి చెప్పలేం. ఫార్మాట్ కనుక్కుని, అక్షరాల్ని తేదీగా మార్చే స్ట్రిప్‌టైమ్‌కి (strptime) ఇవ్వండి. మీరు రాసేటప్పుడు ఏడాది, నెల, రోజు వరసలో 2024-04-03 అని రాయండి.

ఊహించే ప్రోగ్రాములు ఏం చేస్తాయో కూడా చూద్దాం. ఎక్సెల్‌లో మన ఫైల్‌ని డబుల్ క్లిక్ చేసి తెరిచి, మళ్లీ సేవ్ చేస్తే 00427 కాస్తా 427 అవుతుంది. ఎక్సెల్ 15 అంకెల వరకే ఖచ్చితంగా దాచుకుంటుంది, 16 అంకెల నంబర్ అయితే చివరిది సున్నా అయిపోతుంది. తిరిగి తెచ్చుకోలేం. జన్యు శాస్త్రంలో మార్చ్1, సెప్ట్1 అనే జన్యువుల పేర్లని ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తూ వచ్చింది. చివరికి 2020లో మానవ జన్యువులకు పేర్లు పెట్టే కమిటీ ఆ పేర్లనే మార్చింది. మార్చ్1 ఇప్పుడు మార్చ్‌ఎఫ్1, సెప్ట్1 ఇప్పుడు సెప్టిన్1. సాఫ్ట్‌వేర్ చేసే ఊహకి తట్టుకోలేక శాస్త్రం తన పేర్లు మార్చుకుంది, ఆలోచించండి! ఎక్సెల్‌లో చూడక తప్పకపోతే డబుల్ క్లిక్ చేయకుండా డేటా ట్యాబ్‌లోంచి ఇంపోర్ట్ చేసి, కోడ్ కాలమ్‌ని టెక్స్ట్ అని చెప్పండి.

పట్టికల డేటా కోసం వాడే పాండాస్ అనే పైథాన్ లైబ్రరీ కూడా ఊహిస్తుంది. రీడ్ సీఎస్‌వీకి ఏమీ చెప్పకపోతే 00427ని 427 చేస్తుంది. పూర్ణాంకాల కాలమ్‌లో ఒక్క ఖాళీ ఉంటే కాలమ్ మొత్తం దశాంశాలవుతుంది, 12 కాస్తా 12.0. ఎన్, ఏ అనే రెండు అక్షరాలుంటే విలువ లేదనుకుంటుంది. నమీబియా దేశపు కోడ్ సరిగ్గా ఆ రెండు అక్షరాలే. దేశాల కోడ్‌లున్న ఫైల్లో నమీబియా ఒక్కటే మాయమవుతుంది, ఎవరూ గమనించరు. డీటైప్ ఈక్వల్స్ ఎస్‌టీఆర్ ఒక్కటి ఇస్తే సరిపోదు, నమీబియా అప్పుడూ పోతుంది. కీప్ డిఫాల్ట్ ఎన్ఏ ఈక్వల్స్ ఫాల్స్ కూడా కలిపి ఇవ్వండి. అన్నీ స్ట్రింగ్‌లుగా తెచ్చుకుని, ఏ కాలమ్‌ని ఏ రకంగా మార్చాలో మీరు మార్చుకోండి.

రాయడానికి వద్దాం. రైట్ రోకి లిస్ట్ ఇవ్వాలి. ఒకే ఫీల్డ్ కదా అని "తలుపు" అనే స్ట్రింగ్ ఇచ్చారనుకోండి, ఏం రాస్తుంది? త, కామా, ల, కామా, కొమ్ము, కామా, ప, కామా, ఇంకో కొమ్ము. ఐదు ఫీల్డ్‌లు! స్ట్రింగ్ కూడా ఒక వరుసే కాబట్టి ముక్కలు చేసేసింది. గుణింతపు గుర్తులు అక్షరం నుంచి విడిపోయి కామాల మధ్య వేలాడుతుంటే, కారణం ఇదేనని వెంటనే గుర్తుపట్టండి.

డిక్ట్ రైటర్ అయితే ఫీల్డ్ నేమ్స్ జాబితా మీరే ఇవ్వాలి, రైట్ హెడర్ మీరే పిలవాలి. జాబితాలో లేని కీ వస్తే వాల్యూ ఎర్రర్ ఇస్తుంది. మంచిదే, దాన్ని నోరు మూయించకండి. నన్ విలువని, ఖాళీ స్ట్రింగ్‌నీ రెండిటినీ ఒకేలా, ఖాళీగా రాస్తుంది. చదివేవాళ్లకి "తెలియదు" వేరు, "ఏమీ లేదు" వేరు అయితే ఒక గుర్తు నిర్ణయించుకుని దాన్ని రాసి పెట్టండి. పైథాన్ 3.12లో కోట్ నాట్ నల్ అనే పద్ధతి వచ్చింది, నన్ తప్ప మిగతావన్నీ కోట్స్‌లో పెడుతుంది. చదివే ప్రోగ్రామ్ ఆ తేడా గుర్తిస్తేనే ఉపయోగం.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఫైల్‌ని డబ్ల్యూ మోడ్‌లో తెరిచిన క్షణంలోనే పాత డేటా పోతుంది. ఒక్క వరస కూడా రాయకముందే. అదే ఫైల్ చదువుతూ అదే ఫైల్లో రాద్దామనుకుంటే చదవడానికి ఏమీ మిగలదు. సగం రాశాక ప్రోగ్రామ్ ఆగిపోతే సగం ఫైల్ మిగులుతుంది, అది కూడా సక్రమమైన సీఎస్‌వీలాగే కనిపిస్తుంది. సీఎస్‌వీకి ముగింపు గుర్తంటూ లేదు కదా! అందుకని అదే ఫోల్డర్‌లో తాత్కాలిక ఫైల్ రాసి, మూసి, అప్పుడు ఓఎస్ డాట్ రీప్లేస్‌తో అసలు పేరు పెట్టండి. అదే ఫోల్డర్ అని ఎందుకంటున్నానంటే, వేరే డిస్క్ మీద ఉంటే రీప్లేస్ పనిచేయదు.

బయటివాళ్లు టైప్ చేసిన మాటల్ని సీఎస్‌వీగా రాసి ఎవరికైనా పంపుతున్నారా? ఈక్వల్స్, ప్లస్, మైనస్, యాట్ గుర్తు, వీటిలో దేనితో ఫీల్డ్ మొదలైనా ఎక్సెల్ దాన్ని ఫార్ములాగా తీసుకోవచ్చు. కోట్స్‌లో పెట్టినా ఆగదు. ముందు ఒక సింగిల్ కోట్ చేర్చడం మామూలు ఉపాయం. దాన్ని టెక్స్ట్ కాలమ్స్‌కే చేయండి, అంకెల కాలమ్‌లో మైనస్ 5 అంటే మైనస్ ఐదే.

పెద్ద ఫైళ్ల గురించి క్లుప్తంగా చెప్తాను. రీడర్ ఒక్కో వరసే ఇస్తుంది, దాన్ని లిస్ట్‌లో వేసి మొత్తం మెమరీలోకి తెచ్చేది మనమే. ఒక్కో వరస చదివి, పని చేసి, వదిలేస్తే ఫైల్ ఎంత పెద్దదైనా ఒక్కటే. పాండాస్‌లో అయితే, ముక్కలుగా చదవడానికి చంక్ సైజ్ ఇవ్వండి. ఒకసారి చివరిదాకా వెళ్లిన రీడర్‌ని రెండోసారి లూప్‌లో పెడితే ఏమీ రాదని కూడా గుర్తుంచుకోండి.

లెక్క సరిచూడటం మాత్రం మానకండి. ఇంగ్లండ్‌లో 2020 సెప్టెంబర్ 25కీ అక్టోబర్ 2కీ మధ్య 15,841 కొవిడ్ పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కలో కలవలేదు. ల్యాబ్‌ల నుంచి వచ్చిన సీఎస్‌వీ ఫైళ్లని పాత ఎక్స్ఎల్ఎస్ ఫార్మాట్‌లోకి ఎక్కించారు. ఆ ఫార్మాట్‌లో పట్టేది 65,536 వరసలే. మిగతావి రాలిపోయాయి. కొత్త ఫార్మాట్‌లో 10,48,576 పడతాయి, కానీ హద్దు హద్దే. ఎన్ని రికార్డులు చదివారు, ఎన్ని వదిలేశారు, ఎన్ని రాశారు, మూడూ లాగ్‌లో పడాలి. మొదటిది మిగతా రెండిటి మొత్తంతో సరిపోకపోతే ప్రోగ్రామ్ ఆగిపోవాలి. లైన్లు లెక్కపెట్టి సరిచూడకండి, ఫీల్డ్ లోపల కొత్త లైన్లుంటే ఆ లెక్క తప్పుతుంది. మళ్లీ రీడర్‌తోనే చదివి లెక్కపెట్టండి.

సరే, ఇక ల్యాప్‌టాప్‌లు తెరవండి. మీరు తెచ్చుకున్న ఫైల్‌ని పాండాస్‌తోనో ఎక్సెల్‌తోనో తెరవకుండా ఆర్‌బీ మోడ్‌లో, అంటే బైట్లుగా తెరిచి, మొదటి 200 బైట్లు ప్రింట్ చేయండి. ఈఎఫ్, బీబీ, బీఎఫ్‌తో మొదలైతే బామ్ ఉంది. ఎఫ్ఎఫ్, ఎఫ్ఈతో మొదలై, ఇంగ్లిష్ అక్షరాల మధ్య ఒక్కో సున్నా బైట్ కనిపిస్తే అది యూటీఎఫ్-16, ఎక్సెల్‌లో "యూనికోడ్ టెక్స్ట్" అని సేవ్ చేసిందై ఉంటుంది, అప్పుడు విడగొట్టే గుర్తు కామా కాదు, ట్యాబ్. శీర్షిక లైన్ చివర క్యారేజ్ రిటర్న్ ఉందో లేదో చూడండి. కోట్స్ ఎక్కడ మొదలయ్యాయో, వాటి ముందు ఖాళీ ఉందో చూడండి. చూసింది చూసినట్టు కాగితం మీద రాసుకోండి: గుర్తు, కోట్స్, ఎన్‌కోడింగ్, ఒక్కో కాలమ్ రకం. ఆ కాగితం పక్కన పెట్టుకుని ఓపెన్ లైన్ రాయండి. ఎవరి ఫైల్ మొదటి బైట్లు అర్థం కాకపోతే వాళ్లు చెయ్యెత్తండి, అక్కడికే వస్తాను.